కొట్టించని నంబరు

మా పచ్చ కారు డాష్‌బోర్డు మీది రేకులో ఉన్న అంకెలూ, దాని ఇంజను బ్లాకు మీద ఉన్న అంకెలూ ఇప్పుడు కలవవు. కలిపించుకునే దారి ఉన్నా నేను ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదని స్నేహితులు అడిగారు. అందరికంటే గట్టిగా మా అబ్బాయి అడిగాడు. ఇది ఒక్క కారు గొడవే అయితే ఇంత రాయనక్కర్లేదు. ఒక వస్తువు ఏళ్లు గడిచినా అదే వస్తువుగా ఎలా నిలుస్తుంది, దాని గురించి మనం చెప్పే మాట ఎప్పుడు నిజం, ఎప్పుడు అబద్ధం అన్న వాదం మన దేశంలో రెండు వేల ఏళ్లుగా నడుస్తోంది. ఆ వాదంలో నేను ఎవరి పక్షమో ఈ కారు పనిలో పడ్డాకే నాకు తేలింది.

కారు 1968 పాంటియాక్ జీటీఓ. అది తయారైన ఊరి పేరు కూడా పాంటియాకే. డెట్రాయిట్ నడిబొడ్డున మొదలయ్యే వుడ్‌వర్డ్ అవెన్యూ వాయవ్యంగా పాతిక మైళ్లకు పైగా సాగి ఆ ఊరు చేరుతుంది. పద్దెనిమిదో శతాబ్దంలో బ్రిటిష్‌వాళ్లని ఎదిరించిన ఒడావా తెగ నాయకుడి పేరు అది. ఊరికి ఆయన పేరు, కారుకి ఊరి పేరు.

జీటీఓ పుట్టుకలోనే ఒక తత్వచర్చ దాగి ఉందని నాకు అనిపిస్తుంది. ఆ సైజు కార్లలో 330 ఘనపుటంగుళాలు దాటిన ఇంజను పెట్టకూడదని జనరల్ మోటార్స్‌లో నియమం ఉండేది. పాంటియాక్ విభాగంలో జాన్ డెలోరియన్ బృందం 389 ఘనపుటంగుళాల ఇంజనుని టెంపెస్ట్ లెమాన్స్‌లో పెట్టి చూసింది. కొత్త మోడల్ అంటే పైవాళ్ల అనుమతి కావాలి. అందుకని 1964లో దాన్ని మోడల్‌గా కాక, లెమాన్స్ కొనేవాడు అదనంగా కోరుకునే ఒక ఆప్షన్‌గా ఆర్డరు ఫారంలో చేర్చారు. 1966లోగానీ అది విడి మోడల్ కాలేదు. అంటే చాలామంది తొలి మజిల్ కారు అని చెప్పుకునే ఆ కారు మొదటి రెండేళ్లూ కాగితం మీద విడి కారే కాదు, ఇంకో కారు మీద పెట్టిన గుర్తు. పేరు ముందా, వస్తువు ముందా అన్న ప్రశ్నకి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు.

నా కారు నాటికి ఆ సందిగ్ధం తీరిపోయింది. 1968లో 87,684 జీటీఓలు తయారయ్యాయి. వాటి నంబర్లన్నీ 242తో మొదలవుతాయి. అదే ఒళ్లు, అదే చాసిస్ ఉన్న లెమాన్స్ నంబరు 237తో మొదలవుతుంది. 400 ఘనపుటంగుళాల ఇంజను, 350 గుర్రాల బలం, నాలుగు గొంతుల రోచెస్టర్ కార్బురేటరు. ముందు బంపరు క్రోము పూత ఇనుముది కాదు. కారు రంగే వేసిన ఎండ్యూరా అనే సాగే పదార్థం. నాదాని రంగు వెర్డోరో గ్రీన్. పొద్దున నల్లగా, మిట్టమధ్యాహ్నం చింతచిగురు రంగులో కనిపిస్తుంది.

1974లో కొన్నాను. అప్పుడు డెట్రాయిట్‌లో ఎం.ఎస్. చదువుతున్న కుర్రాణ్ణి. అరబ్బు దేశాలు చమురు ఆపిన శీతాకాలం అప్పుడే దాటింది. గ్యాసు బంకుల ముందు వరసలు చూసి భయపడినవాళ్లు పెద్ద ఇంజను కార్లని అయినకాడికి అమ్ముకుంటున్నారు. మాచర్లలో బడిపంతులు కొడుకుని, సైకిలు తప్ప తొక్కి ఎరగనివాణ్ణి, అలా ఆ కారుకి యజమాని అయ్యాను. కాపురానికి వచ్చిన నా భార్యని విమానాశ్రయం నుంచి ఇంటికి తెచ్చింది అదే. మా అబ్బాయిని ఆసుపత్రి నుంచి తెచ్చిందీ అదే. తరవాత దాన్ని గరాజులో పెట్టి వేరే కార్లు వాడాం కానీ అమ్మాలని ఎప్పుడూ అనిపించలేదు. రిటైరయ్యాక విప్పడం మొదలుపెట్టాను.

మిషిగన్‌లో కార్లని చంపేది ఉప్పు. డెట్రాయిట్ నగరం కింద వెయ్యి అడుగుల పైచిలుకు లోతున ఉప్పు గని ఉంది. రోడ్ల మీద మంచు కరగడానికి చలికాలమంతా ఉప్పు చల్లుతూనే ఉంటారు. అది రేకుల మడతల్లో చేరి తడిని పట్టుకుని కూర్చుంటుంది. ఇనుము లోపలి నుంచి తినుకుపోతుంది. పైన రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. పాత రంగుని ఇసకలాంటి పొడితో కొట్టించి ఒట్టి ఇనుము బయటపడ్డాకే నిజం కనబడింది. వెనక చక్రాల వెనక రేకు వేలు పెడితే విరుగుతోంది. ట్రంకు అడుగు జల్లెడ. వెనక అద్దం మూలల్లో నీళ్లు చేరి చట్రం సగం కరిగిపోయింది.

తుప్పు పట్టిన మేర కోసేసి, కొత్త రేకు అమర్చి, అంగుళం అంగుళం విడివిడిగా వెల్డు చేశాం. ఒకేసారి పొడుగునా వెల్డు చేస్తే వేడికి రేకు వంకరపోతుంది. బ్రేకు గొట్టాలు, వైరింగు, రబ్బరు బుష్‌లు, సీట్ల కవర్లు, కింద తివాచీ అన్నీ కొత్తవి. రంగు పేరు పాతదే, రసాయనం మాత్రం కాదు. అప్పట్లో ఫ్యాక్టరీ కొట్టింది ఆక్రిలిక్ లాకరు. ఇప్పుడు కొట్టింది రంగు మీద పారదర్శకమైన పొర వేసే పద్ధతి. ఆఖరికి అది తాగే పెట్రోలు కూడా పాతది కాదు. 10.75కి 1 కంప్రెషన్ ఉన్న ఆ ఇంజనుని సీసం కలిపిన ప్రీమియం పెట్రోలు కోసం తయారుచేశారు. రోడ్డు మీది వాహనాలకి ఆ పెట్రోలుని అమెరికా 1996 నుంచి పూర్తిగా నిషేధించింది. ఇప్పటి పెట్రోలుకి తట్టుకోవాలంటే గుంట ఉన్న పిస్టన్లు వేసి కంప్రెషన్ తగ్గించాలి.

ఇంత మారాక ఇది అదే కారా?

మిలింద పన్హ అనే పాళీ బౌద్ధ గ్రంథంలో ఈ ప్రశ్నకి ఒక జవాబు ఉంది. గ్రీకు రాజు మినాండరు, పాళీలో మిలిందుడు, నాగసేన భిక్షువు దగ్గరికి రథమెక్కి వస్తాడు. నాగసేనుడు అడుగుతాడు: ఇరుసు రథమా? చక్రాలు రథమా? కాడి రథమా? ఇవన్నీ కలిపి రథమా? వీటికి వేరుగా రథం ఉందా? రాజు ప్రతిదానికీ కాదనే చెప్పి, చివరికి ఈ భాగాలను ఆధారం చేసుకుని పెట్టిన వ్యవహారమే రథమన్న పేరు అని ఒప్పుకుంటాడు. నాగసేనుడికి కావలసింది అదే. మనిషి సంగతీ అంతే అంటాడు. అదే గ్రంథంలో దీపం మాట కూడా వస్తుంది. రాత్రంతా వెలిగిన దీపంలో మొదటి జాము మంటా చివరి జాము మంటా ఒకటే కావు. అలాగని వేరు దీపాలూ కావు. ఒకదాన్నుంచి ఒకటి తెగకుండా సాగిన ప్రవాహం.

న్యాయవైశేషికులు దీన్ని ఒప్పుకోరు. మన తెలుగువాడైన అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం చదివినవాళ్లకి అవయవి, అంటే భాగాలకి వేరుగా ఉండే మొత్తం, ఏమిటో తెలుసు. దారాలు వేరు, బట్ట వేరు. బట్ట దారాల్లో సమవాయమనే విడదీయరాని సంబంధంతో ఉంటుంది కానీ దారాల కుప్ప కాదు. మరి ఒక దారం లాగేస్తే? పాత బట్ట నశించింది, మిగిలిన దారాల నుంచి కొత్త బట్ట పుట్టింది అంటారు వాళ్లు. వినడానికి మొండితనంలా ఉంటుంది. ఈ లెక్కన నేను విప్పిన ప్రతి బోల్టుకీ ఒక జీటీఓ చచ్చిపోయి ఇంకోటి పుట్టాలి. కానీ నాకు నైయాయికుల మీద గౌరవం తగ్గలేదు. ఏదో పోయిందని వాళ్లు దాచరు. మార్చిన చోట మార్పు జరిగిందని ఒప్పుకునే ధైర్యం వాళ్ల వాదంలో ఉంది.

నేను చదువుకునే రోజుల్నుంచీ నాగసేనుడి వైపే మొగ్గాను. మా అబ్బాయికి చిన్నప్పుడు ఆ రథం కథ ఈ కారు పక్కనే నిలబెట్టి చెప్పాను. ఆ కథే వాడు నాకు తిరిగి చెప్పే రోజు వచ్చింది.

ఇంజను మెషిన్ షాపుకి వెళ్లింది. షాపు యజమాని నాకంటే పెద్దవాడు, పాంటియాక్ ఇంజన్ల మధ్యే బతికినవాడు. బ్లాకుని వేడి ద్రావణంలో కడిగి, అయస్కాంతం పెట్టి, మీద సన్నని ఇనప పొడి చల్లాడు. ఎక్కడ పగులు ఉంటే అక్కడ అయస్కాంత క్షేత్రం తెగి పొడి గీతలా పేరుకుంటుంది. ఒక సిలిండరు గోడ మీద గీత పడింది. సిలిండరు గోడ ఒక్కటే అయితే లోపల స్లీవు దిగేసి బాగుచేస్తారు. ఈ గీత కిందికి పాకి క్రాంకు షాఫ్టుని మోసే గోడలోకి దిగింది. ఆయన ఆ గీత వెంట వేలు నడిపి, తల అడ్డంగా ఊపాడు. ఆ బ్లాకు మళ్లీ ఇంజను కాదు.

ఇక్కడ అంకెల సంగతి చెప్పాలి. 1968 నుంచి పాంటియాక్ వాళ్లు ఇంజను బ్లాకు ముందు ముఖం మీద కారు నంబరులో కొంత భాగాన్ని కొట్టేవారు. పాంటియాక్‌కి 2, సంవత్సరానికి 8, ఆ ఊరి ఫ్యాక్టరీకి ‘పి’ అక్షరం, ఆ తరవాత కారు వరస సంఖ్య. పక్కన రెండక్షరాల కోడు. నాదాని మీద ‘వై ఎస్’, అంటే 350 గుర్రాల ఇంజను, ఆటోమేటిక్ గేర్లు. రేకు మీది నంబరూ బ్లాకు మీది నంబరూ కలిస్తే ఆ ఇంజను పుట్టుకతో ఆ కారుదే. పాత కార్ల లోకంలో ఈ కలయికకి ఉన్న విలువ అంతా ఇంతా కాదు. అదే రంగు, అదే పనితనం ఉన్న రెండు కార్లలో నంబర్లు కలిసినదానికి ఎంతో ఎక్కువ ధర పలుకుతుంది.

కొన్నాళ్లు వెతికితే ఇంకో 1968 బ్లాకు దొరికింది. ఒక కాటలీనాలో పనిచేసిన ఇంజను. అదే 400, అదే సైజు, అదే ఫౌండ్రీ ఇనుము. దాని మీద ఆ కాటలీనా నంబరు ఉంది. నా సిలిండరు హెడ్లు, నా కార్బురేటరు, నా క్రాంకు అన్నీ దాని మీద సరిగ్గా కూర్చున్నాయి. బ్లాకు అమ్మినవాడు వెళ్తూ వెళ్తూ ఒక మాట చెప్పాడు. పాత అంకెలు రుద్దేసి, ఆ కాలపు అచ్చులతో నా కారు నంబరు కొట్టేవాళ్లు ఉన్నారట, పట్టుకోవడం ఎవరితరమూ కాదట.

రాత్రి ఫోన్‌లో ఆ సంగతి చెప్పి వద్దన్నానని అన్నప్పుడు మా అబ్బాయి ఊరుకోలేదు.

“నాన్నా, ఇరుసూ కాదు, చక్రమూ కాదు, రథమన్నదే లేదు, అంతా పేరేనని నువ్వేగా చెప్పావు. కారే లేనప్పుడు దాని నంబరు అబద్ధం ఎలా అవుతుంది?”

“అమ్మితే కొనేవాణ్ణి మోసం చేసినట్టేరా,” అన్నాను.

“నువ్వు అమ్మవుగా. నాకిస్తావు. నాకు అంతా తెలుసు. ఇక మోసపోయేది ఎవరు?”

వాడి తర్కంలో లొసుగు ఆ క్షణాన నాకు దొరకలేదు. కానీ వాడు అడిగింది డబ్బు గురించి కాదని అర్థమైంది. పరమార్థంలో ఏదీ లేకపోతే, మామూలు బతుకులో మనం పాటించే నిజాయితీకి ఆధారం ఏమిటి? వేదాంతం చదివిన ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక రోజు ఈ ప్రశ్న లేస్తుంది. అంతా మాయ అన్నవాడు లెక్కల పుస్తకం దిద్దేసుకుంటే తప్పేమిటి?

దీనికి జవాబు నాకు బౌద్ధ తాత్వికుడు నాగార్జునుడి దగ్గర దొరికింది. మూలమధ్యమకకారికలలో ఆయన రెండు సత్యాలు చెబుతాడు. లోకవ్యవహారంలో చెల్లే సంవృతి సత్యం ఒకటి, పరమార్థ సత్యం ఒకటి. వ్యవహారాన్ని ఆశ్రయించకుండా పరమార్థాన్ని చెప్పడం కుదరదంటాడు. చాలామంది ఇందులో పరమార్థాన్ని పట్టుకుని, సంవృతిని తక్కువరకం సత్యమని, అవసరానికి వంచుకోవచ్చని అనుకుంటారు. నాకు అది సరిగ్గా తలకిందులుగా కనిపిస్తుంది. ఆయన దాన్ని కూడా సత్యమనే అన్నాడు. పరమార్థంలో కారు లేదు కాబట్టి అక్కడ దాని గురించి నిజమూ చెప్పలేం, అబద్ధమూ ఆడలేం. నిజానికీ అబద్ధానికీ చోటు ఉన్నది వ్యవహారం ఒక్కదాంట్లోనే. ఇనుము లోపల ఎక్కడో ‘జీటీఓ తత్వం’ అనేదొకటి దాగి ఉంటే, పైన అంకెలు ఎవడు ఏం చేసినా లోపలిది చెక్కుచెదరకుండా ఉండేది. అలాంటిదేమీ లేదు. ఆ కారంటే పాంటియాక్ ఊళ్లో పుట్టి, నాతో ఉప్పు రోడ్ల మీద తిరిగి, తుప్పు పట్టి, కోయించుకుని, అతికించుకుని, తెగకుండా వచ్చిన ప్రవాహమే. ఆ ప్రవాహంలో ఒక చోట తప్పుడు అంకె కొడితే పాడయ్యేది కారు గురించిన మాట ఒక్కటే కాదు, కారే. కాటలీనా బ్లాకు పెట్టినా కారు కారుగానే సాగుతుంది, నాగసేనుడి దీపంలో చమురు పోసినట్టే. ఆ అంకెలు రుద్దేసిన క్షణంలో మాత్రం రెండు ప్రవాహాలు తెగుతాయి. నా కారుది ఒకటి, ఎక్కడో చెత్తయార్డులో ముగిసిన ఆ కాటలీనాది ఇంకోటి. మోసపోయేవాడు ఎవరూ లేకపోయినా అబద్ధం అబద్ధమే.

ఇంత నమ్మకంగా రాయడానికి నా చిన్నతనం కూడా కారణం. నాగార్జునుడి పేరుతో సంప్రదాయం పిలిచే కొండ మాకు దగ్గరే. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకి శంకుస్థాపన చేశాడు. ఆ నీళ్లలో మునిగిపోబోయే లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉంది. మూడో శతాబ్దంలో చాంతిసిరి అనే రాజవంశపు స్త్రీ అక్కడి మహాచైత్యానికి ఆయక స్తంభాలు నిలబెట్టించి, తన పేరూ దానమూ వాటి మీద చెక్కించింది. ఆనకట్ట కట్టే ఏళ్లలో పురావస్తు శాఖ ఆ లోయని తవ్వి, కొన్ని కట్టడాలను ఇటుక, రాయి విప్పి పైకి తరలించింది. కొన్ని కొండ మీద, కొన్ని గట్టున అనుపులో మళ్లీ కట్టారు. తరలించలేనివాటికి చిన్న నమూనాలు చేసి పెట్టారు. మా నాన్న తన తరగతి పిల్లల్ని తీసుకెళ్తూ నన్నూ వెంటబెట్టుకెళ్లేవాడు. లోయలో చూసిన గోడలనే తరవాత కొండ మీద చూశాను. ఇప్పుడది నీళ్ల మధ్య ద్వీపం. పడవెక్కి వెళ్లాలి.

ఆ రాళ్లు చోటు మారాయి, అడుగు పునాది మారింది, అతికిన సున్నం మారింది. అయినా అక్కడ నాకు ఎప్పుడూ మోసపోయినట్టు అనిపించలేదు. ఇది తరలించి కట్టింది, ఇది నమూనా అని అక్కడ ఎవరూ దాచలేదు. నమూనా నమూనాగా నిలబడితే దానికీ గౌరవం ఉంది. పాత కార్లలోనూ అంతే. 237 నంబరున్న లెమాన్స్‌కి జీటీఓ బోనెట్టు, ఎండ్యూరా బంపరు, 400 ఇంజను పెట్టి ఇది నేను కట్టుకున్న నకలు అని చెప్పేవాడంటే నాకు ఇష్టం. ఆగస్టులో వుడ్‌వర్డ్ మీద సాగే డ్రీమ్ క్రూజ్‌లో అలాంటివాళ్లతో గంటలు గంటలు మాట్లాడతాను.

పాంటియాక్ కార్ల ఫ్యాక్టరీ రికార్డులు పోకుండా కాపాడి, అడిగినవాళ్లకి ప్రతులిచ్చే పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ అనే సంస్థ ఉంది. 2010లో పాంటియాక్ బ్రాండే మూతపడ్డాక ఆ కాగితాల విలువ ఇంకా పెరిగింది. అక్కడి నుంచి నా కారు బిల్లింగు పత్రం తెప్పించుకున్నాను. రంగు, గేర్లు, రేడియో, అన్నీ అందులో ఉన్నాయి. దానికి నేను ఇంకో కాగితం జతచేశాను. ఏ రేకు ఎక్కడి వరకు కోశాం, పాత బ్లాకు ఎందుకు తీసేశాం, కొత్త బ్లాకు ఏ కారుది, దాని మీద ఏ నంబరు ఉంది, పని ఎవరు చేశారు. రెండూ గ్లవ్ బాక్సులో ఉన్నాయి. పగిలిన బ్లాకు గరాజులో మూల ఉంది. చదివాక మా అబ్బాయి దాని కింద తన సంతకం కూడా పెట్టాడు.

ఇది చదివేవాళ్లలో పాత కార్లున్నవాళ్లు కొద్దిమందే ఉంటారు. ఊళ్లో పాత గుడి ఉన్నవాళ్లు చాలామంది ఉంటారు. నా మనవి వాళ్లకే. శ్రీకాళహస్తిలో కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010 మే 26న కూలిపోయింది. దాని చోట కొత్త గోపురం కట్టి 2017లో కుంభాభిషేకం చేశారు. అది తప్పేమీ కాదు. కట్టాల్సిందే. కొత్తది కట్టినదానికంటే జీర్ణోద్ధరణకే పుణ్యం ఎక్కువని మన పెద్దలు చెప్పేది అందుకే. మీ ఊళ్లోనూ గుడి బాగుచేయండి. అయితే శాసనమున్న రాతి మీద రంగు వేయనివ్వకండి, నునుపు చేయించకండి, పునాదిలోకి విసిరేయనివ్వకండి. చదవడం రాకపోయినా ముందు ఫోటో తీసి పురావస్తు శాఖకి పంపండి. కొత్తగా పెట్టే పలక మీద దాత పేరుతో పాటు ఏ స్తంభం పాతదో, ఏది ఏ సంవత్సరంలో ఎవరు మార్చారో కూడా చెక్కించండి. ఒక్క పలక, నాలుగు పంక్తులు చాలు.